ఒక్క అక్షరం

మాటలు ఒక్కొక్కప్పుడు మనుషులకంటే ఎక్కువ తగవులు పెడుతూ వుంటాయి. "జన్యువు" అనే మాట అలాంటిదే. పాఠ్యపుస్తకాల్లోంచి పత్రికల్లోకి వచ్చింది, పత్రికల్లోంచి టీవీలోకి వచ్చింది, యిప్పుడు పెళ్ళిచూపుల చాపమీదకి వచ్చి కూర్చుంది. కాన్సరు జన్యువుల జబ్బు అని డాక్టర్లు చెబుతున్నారు. నిజమే. జన్యువులు తల్లిదండ్రుల నించి వస్తాయని హైస్కూలు పిల్లలకి కూడా తెలుసు. అదీ నిజమే. యీ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టుకుని, "అయితే కాన్సరు వంశంలో దిగుతుందన్నమాట" అని మూడో ముక్క మనంతట మనమే తేల్చేసుకుంటున్నాం. చిక్కంతా ఆ మూడో ముక్కతోనే.

మా ప్రొద్దుటూరు సంగతి ఒకటి చెబుతాను. పేర్లు అడక్కండి. బట్టల వ్యాపారం చేసే మిత్రులొకరి కొడుక్కి జమ్మలమడుగులో సంబంధం కుదిరింది. పిల్ల చక్కనిది, చదువుకున్నది, బ్యాంకులో వుద్యోగం. పెట్టుపోతల మాట కూడా అయిపోయింది. ఒకనాటి సాయంత్రం ఆయన మా యింటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"ఏం సార్, మీరు పిల్లోళ్ళకి సైన్సు చెప్పినోళ్ళు గదా, ఒక మాట చెప్పండి. పిల్ల తల్లి కాన్సరుతో పోయిందంట. గర్భసంచి ముఖద్వారానికంట. నిన్ననే తెలిసింది. మా ఆడోళ్ళు వద్దంటాండారు. రేపు ఆ పిల్లకొస్తే ఎట్ల? మనవలకొస్తే ఎట్ల?"

మంచి మనిషి. ఒకరికి చెరుపు చెయ్యాలని కలలో కూడా అనుకోరు. తన యింటి బాగు తాను చూసుకుంటున్నానని ఆయన నమ్మకం. ఆయన్ని వెంటబెట్టుకుని వాళ్ళ యింటికే వెళ్ళాను. ఆడవాళ్ళందరూ హాల్లోనే వున్నారు. ఆ తల్లికి వచ్చిన కాన్సరు వంశం నించి దిగేది కాదనీ, పాపిలోమా అనే వైరసు వల్ల వచ్చేదనీ, జర్మనీలో హరాల్డ్ జుర్ హౌజెన్ అనే ఆయన 1983లో ఆ వైరసును పట్టుకుని 2008లో నోబెల్ బహుమతి పుచ్చుకున్నారనీ చెప్పాను. ఆ వైరసు లోకంలో ఎందరికో సోకుతుంది, చాలామందిలో తనంతట తానే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా ఏళ్ళ తరబడి నిలిచి పుండు పెడుతుంది. దానికి టీకా కూడా వచ్చింది, ఆడపిల్లలకి చిన్నతనంలోనే వేయిస్తారు. "కాబట్టి మీరు కోడల్ని వద్దనటానికి యిది కారణం కాదు. మీ మనవరాళ్ళకి టీకా వేయించటానికి కారణం," అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మూల మంచం మీద నించి మా మిత్రుడి తల్లి, పెళ్ళికొడుక్కి జేజి, మెల్లగా లేచి కూర్చుంది.

"ఒరే, మీ అబ్బ దేంతో పోయినాడో నీకు తెల్సునా? గొంతులో గడ్డలేసి, మెతుకు దిగక, ఎద్దులబండిలో జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి తీస్కపోయినాం. రాచపుండు అన్నారు. పది దినాలకి పోయినాడు. నేను ఈ యింటికొచ్చిన రెండో ఏడు. ఆ మాట ఎవురికీ చెప్పలేదు గాబట్టి మనం మంచి వంశం అయినాం."

లండన్ మిషన్ వాళ్ళు 19వ శతాబ్దం చివర పెట్టిన ఆ ఆసుపత్రికి మా మూడు తాలూకాల వాళ్ళూ బండ్లు కట్టుకుని వెళ్ళేవారు. అక్కడికి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ కథలు యిళ్ళల్లో ఎన్ని మరుగున పడ్డాయో! జబ్బుకి పేరు తెలిసిన యిల్లు చెడ్డ వంశం, పేరు తెలియని యిల్లు మంచి వంశం అయిపోయింది. ఆ రాత్రి ఆ హాల్లో నేను చెప్పిన కథనే యిక్కడ మీకూ చెబుతాను. కాస్త పొడుగు. ఓపిక పట్టండి.

కాన్సరు పరిశోధనలో తెలుగువాళ్ళు అనగానే మనకి యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తు వస్తారు. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలని నడిపి, రక్తకాన్సరు పిల్లలకి మొట్టమొదట పనిచేసిన మందుల్ని తన బృందంతో తయారు చేయించి, 1948లో కన్నుమూశారు. ఆయన మందు వెతికినవారు. నేను చెప్పబోయే ఆయన ముందు కారణం వెతికి, తరవాత మందు వెతకబోయినవారు.

ఆయన పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం నించి డాక్టరేటు పుచ్చుకుని అమెరికా వెళ్ళారు. వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో అమెరికా ప్రభుత్వంవారి నేషనల్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వుంది. 1980ల మొదట్లో ఆయన అక్కడ పనిచేస్తూ వుండేవారు. జంతువుల్లో కాన్సరు తెచ్చే వైరసుల్ని అక్షరం అక్షరం చదవటం ఆయన పని. ఎలుకల్లో గడ్డలు పుట్టించే మలోనీ సార్కోమా వైరసును మొదటి నించి చివరిదాకా చదివి 1981లో ప్రకటించారు. ఏబెల్సన్ వైరసును చదివి 1983లో ప్రకటించారు.

"అక్షరం" అంటున్నానేమిటా అనుకుంటారేమో. మన ప్రతి జీవకణంలోనూ డి.ఎన్.ఎ. అనే దారం చుట్టిపెట్టి వుంటుంది. ఎ, టి, జి, సి అనే నాలుగే నాలుగు అక్షరాలు అటూ ఇటూ మారుతూ ఆ దారం మీద సుమారు 300 కోట్ల సార్లు రాసి వుంటాయి. ఆ రాతలో అర్థం వున్న ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క జన్యువు. ఫలానా మాంసకృత్తును యిలా తయారు చెయ్యి అని దాని ఆజ్ఞ. యీ రోజుల్లో యంత్రం ఆ రాతనంతా ఒకటి రెండు రోజుల్లో చదివేస్తుంది. అప్పుడు అలా కాదు. రేడియో ధార్మిక భాస్వరం పూసిన ముక్కల్ని రెండు గాజుపలకల మధ్య జిగురులోంచి కరెంటుతో నడిపించి, ఎక్స్‌రే ఫిల్ము మీద ముద్ర వేయించి, నిచ్చెనమెట్లలాగా పడిన నల్లగీతల్ని కింద నించి పైకి వేలితో లెక్కపెట్టుకుంటూ చదవాలి. రెండు మూడు వందల అక్షరాలు చదివేసరికి కళ్ళు చెమర్చేవి.

యిక ఆ కాలంలో అందరినీ వేధిస్తున్న ప్రశ్న యిది. కోళ్ళలో కాన్సరును ఒక వైరసు పుట్టిస్తుందని పేటన్ రౌస్ 1911లోనే చూపించారు. ఆ వైరసులో కాన్సరు తెచ్చే జన్యువు అసలు వైరసుది కాదనీ, కోడిలో ఎప్పుడూ వుండే మామూలు జన్యువేననీ, వైరసు దాన్ని ఎప్పుడో ఎత్తుకుపోయిందనీ 1976లో బిషప్, వార్మస్ గార్ల బృందం తేల్చింది. అందుకు వాళ్ళిద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది. అంటే దొంగసొత్తు మనింటిదే. అటువంటి జన్యువులు మనిషిలోనూ వున్నాయి, ఆరోగ్యంగా వున్నవాళ్ళలోనూ వున్నాయి. మరి ఒకరిలో బుద్ధిగా పనిచేసుకునే జన్యువు యింకొకరి గడ్డలో రాక్షసి ఎందుకవుతుంది? రెంటికీ తేడా ఏమిటి?

స్వీడన్‌లో ఒక వృద్ధురాలి మూత్రాశయంలోని గడ్డ నించి 1970 ప్రాంతంలో తీసిన కణాల్ని పరిశోధనశాలల్లో పెంచుతూ వుండేవారు. టి-24 అని వాటికి పేరు. వాటిలోని డి.ఎన్.ఎ.ని తీసి ఎలుక కణాల్లో పెడితే అవీ కాన్సరు కణాలైపోయేవి. ఆ పని చేసే జన్యువు "రాస్" అనే కుటుంబానిదని తేలింది. స్పెయిన్ నించి వచ్చిన మరియానో బార్బాసిద్, యూజీనియో సాంతోస్ గార్లు, మన ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు కలిసి ఆ గడ్డలోని రాస్ జన్యువునీ, మామూలు మనుషుల రాస్ జన్యువునీ ముక్కలు చేసి, అటుది యిటూ యిటుది అటూ అతికించి, దోషం ఏ ముక్కలో వుందో వెతుక్కుంటూ వచ్చారు. చివరికి మూడు నాలుగు వందల అక్షరాల ముక్క మిగిలింది. దాన్ని చదివారు.

తేడా ఒక్క అక్షరం.

"జి, జి, సి" అని వుండవలసిన చోట "జి, టి, సి" అని వుంది. ఆ ఒక్క అక్షరం మారినందువల్ల, 189 పూసల గొలుసులాంటి మాంసకృత్తులో పన్నెండో పూస మారింది. గ్లైసిన్ వుండవలసిన చోట వాలిన్ వచ్చి కూర్చుంది. అంతే! 1982 నవంబరులో నేచర్ పత్రికలో యీ సంగతి అచ్చయింది. బోస్టన్ దగ్గర రాబర్ట్ వైన్‌బర్గ్ గారి పరిశోధనశాల వాళ్ళు కూడా విడిగా యిదే కనిపెట్టి అదే సంచికలో రాశారు. మనిషి కాన్సరుకి యిదిగో యీ అక్షరం కారణం అని వేలుపెట్టి చూపించటం లోకంలో అదే మొదలు.

ఒక్క అక్షరానికి యింత శక్తా అని జేజి అడిగింది. "నాన్న వచ్చాడు" అని కబురు పంపబోయి మొదటి అక్షరం తప్పు రాస్తే ఏమవుతుందో ఒక్కసారి రాసి చూసుకోమన్నాను. ఆమెకి చదువు రాదు. మనవడు కాయితం మీద రాసి చదివి వినిపిస్తే, "అయ్యో, పాడు!" అని నోటిమీద చెయ్యి వేసుకుంది.

యీ రాస్ చేసే పనిని అర్థం చేసుకోవటానికి మా పులివెందుల వైపు చీనీ తోటలకి వెళ్ళాలి. బోరు మోటారుకి ఆటోమాటిక్ స్టార్టరు వుంటుంది గదా! కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, కట్టెయ్యవలసినప్పుడు ఆగుతుంది. కణం రెండుగా చీలి పెరగాలి అనే కబురు వచ్చినప్పుడు రాస్ మోటారు వేస్తుంది, పని కాగానే తనంతట తానే ఆగుతుంది. గ్లైసిన్ అన్నిటికన్నా చిన్న పూస. దాని స్థానంలో కాస్త లావు పూస వచ్చి పడితే స్విచ్చి వెనక్కి రాదు, అడ్డం పడుతుంది. యిక మోటారు రాత్రింబగళ్ళు తిరుగుతూనే వుంటుంది. అయితే ఒక్క స్విచ్చి చెడినంత మాత్రాన తోట మునగదు. మామూలు కణం కాన్సరు కణంగా మారాలంటే యిటువంటి తప్పులు యింకా కొన్ని కలవాలని 1983 నాటికే తెలిసింది. అంచేతనే కాన్సరు ఎక్కువగా పెద్దవయసులో వస్తుంది. తప్పులు పోగుపడటానికి కాలం పట్టాలి గదా.

యిప్పుడు అసలు విషయానికి వచ్చాం. ఆ ఒక్క అక్షరం ఎక్కడినించి వచ్చింది? తండ్రి యిచ్చాడా? తల్లి యిచ్చిందా?

1982 నాటి వ్యాసం దానికి జవాబు చెప్పలేదు. జవాబు 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది. అదీ సాంతోస్, బార్బాసిద్, ప్రేమ్‌కుమార్ రెడ్డి గార్లూ వాళ్ళ సహచరులూ చేసినదే. ఊపిరితిత్తుల కాన్సరు వచ్చిన 66 ఏళ్ళ మనిషి ఒకాయన. ఆయన గడ్డలో రాస్ జన్యువుల్లో ఒకటైన కె-రాస్ పన్నెండో చోటనే మారి వుంది. ఆ మనిషి ఊపిరితిత్తుల్లోనే గడ్డ పక్కన ఆరోగ్యంగా వున్న భాగం తీసి చూశారు. అక్కడ అక్షరం సరిగ్గా వుంది. ఆయన రక్తకణాలు చూశారు. అక్కడా సరిగ్గానే వుంది. మనిషి ఒకడే, జన్యువు ఒకటే, తప్పు మాత్రం గడ్డలోనే. అంటే ఆయన ఆ తప్పుతో పుట్టలేదు. ఎప్పుడో నడివయసులో ఎక్కడో ఒక కణం తన రాతని నకలు చేసుకుంటూ వుండగా ఒక అక్షరం తప్పు పడింది. ఆ కణం పిల్లలు, పిల్లల పిల్లలు ఆ తప్పునే మోసుకుంటూ పెరిగాయి.

నా మటుకు నాకు 1982 వ్యాసంకంటే యిదే గొప్పదనిపిస్తుంది. మొదటిదాన్ని అందరూ పుస్తకాల్లో రాస్తారు. రెండోదాన్ని మాత్రం ఆడపిల్ల వున్న ప్రతి యింట్లోనూ చెప్పుకోవాలి.

మా మిత్రుడు వ్యాపారస్థుడు, ఆయనకి దస్తావేజుల భాషలో చెప్పాను. స్థలం అసలు పత్రం బీరువాలో భద్రంగా వుంటుంది. దానికి వంద జిరాక్సు కాపీలు తీసి వందమందికి యిచ్చారు. ఒక కాపీ మీద టీ వొలికి సర్వే నంబరు చెరిగింది. రేపు మీ అబ్బాయికి స్థలం రాసిచ్చేటప్పుడు ఆ టీ వొలికిన కాపీ చూసి రాస్తారా, బీరువాలోది చూసి రాస్తారా? ఊపిరితిత్తుల్లోనో పేగులోనో చెరిగినది కాపీ. పిల్లలకి వెళ్ళేది తల్లి అండంలోనూ తండ్రి వీర్యకణంలోనూ వుండే రాత. గడ్డలో పుట్టిన తప్పు పిల్లలకి వెళ్ళే దారే లేదు.

అయితే నిజం చెబుతున్నప్పుడు సగంలో ఆపకూడదు. అసలు పత్రంలోనే తప్పు వున్న యిళ్ళు కొన్ని వున్నాయి. మొత్తం కాన్సర్లలో నూటికి అయిదు మొదలు పది దాకా అటువంటివని అంచనా. వాటిలో బాగా పేరు పడినది బి.ఆర్.సి.ఎ.-1. రొమ్ము కాన్సరు చిన్నవయసులో తరతరానా కనిపించే కుటుంబాల్ని పరిశీలించి, మేరీ క్లేర్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు 1990లో ఆ జన్యువు 17వ క్రోమోజోము మీద వున్నదని చూపించారు. 1994లో జన్యువే దొరికింది. దాని మాంసకృత్తు మంచిగా వున్నప్పుడు చెడిన కణాన్ని తనంతట తాను చచ్చిపోయేట్టు చెయ్యటంలో సాయపడుతుందని 1996లో రాసిన బృందంలో వీణా రావు, శ్యామ్ రెడ్డి గార్లు వున్నారు. తరవాత వాళ్ళు అట్లాంటాలోని మోర్‌హౌస్ వైద్య కళాశాలలో పనిచేశారు. యీ జన్యువు తప్పుగా వున్నవారి ప్రతి బిడ్డకీ అది రావటానికి సగం పాలు అవకాశం. ఆడవాళ్ళ జబ్బు గదా అని తల్లివైపే చూడకూడదు, తండ్రి నించి కూడా వస్తుంది. తప్పు వచ్చినా జబ్బు వచ్చి తీరుతుందని లేదు, అయితే ప్రమాదం చాలా ఎక్కువ. ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి రొమ్ము కాన్సరో అండాశయ కాన్సరో రావటం, నలభై నలభై అయిదు నిండకుండా రావటం, మగవాడికి రొమ్ము కాన్సరు రావటం, యిలాంటివి వుంటే డాక్టరుని అడిగి రక్తపరీక్ష చేయించుకోవాలి. తెలిస్తే ముందే జాగ్రత్తపడే మార్గాలు వున్నాయి.

జేజి వాళ్ళ యింట్లో యింతవరకు చెప్పి కాఫీ తాగి వచ్చేశాను. సంబంధం మాట? పదిరోజులకి మా మిత్రుడు ముహూర్తాల కాయితం జేబులో పెట్టుకుని కనిపించారు. నా సైన్సు కన్నా జేజి మాటే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

అక్కడ ఆ పెళ్ళికొడుకు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "తప్పు అక్షరం 1982లోనే తెలిస్తే, దాన్ని దిద్దే మందు అప్పుడే ఎందుకు రాలేదు సార్?" కుర్రవాడు తెలివైనవాడు. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారి మిగతా జీవితమంతా ఆ ప్రశ్నతోనే గడిచిందని చెప్పవచ్చు.

రాస్ మాంసకృత్తు నున్నటి గోళీలాంటిది. మందు పట్టుకుని వేళ్ళాడటానికి దానిమీద గుంటలంటూ లేవు. దానికి మందు కుదరదు అనే మాట మూడు దశాబ్దాలపాటు నానుడి అయిపోయింది. రెడ్డి గారు 1987లో మొదలైన "ఆంకోజీన్" అనే పరిశోధన పత్రికకి స్థాపక సంపాదకులుగా వున్నారు. 1992లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఫెల్స్ కాన్సరు పరిశోధన సంస్థకి డైరెక్టరు అయ్యారు. 1998లో ఆంకోనోవా అనే మందుల కంపెనీ స్థాపించారు. 2010లో న్యూయార్కులోని మౌంట్ సినాయ్ వైద్య కళాశాలకి వెళ్ళారు. ఎం.వి. రమణారెడ్డి అనే రసాయన శాస్త్రవేత్త సాయంతో ఆయన బృందం తయారు చేసిన మందుకి "రిగోసెర్టిబ్" అని పేరు.

ఎముకల్లోని మూలుగ చెడి రక్తం సరిగ్గా తయారు కాని ఒక జబ్బు వుంది. ముదిరితే రక్తకాన్సరు అవుతుంది. అప్పటికున్న మందు యిక పనిచెయ్యని 299 మంది మీద రిగోసెర్టిబ్‌ను పరీక్షించారు. మందు పుచ్చుకున్నవాళ్ళు మధ్యస్థంగా 8.2 నెలలు బతికారు, పుచ్చుకోనివాళ్ళు 5.9 నెలలు. బాగానే వుందే అనిపిస్తుంది. కానీ గణితం ఒప్పుకోలేదు. ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పటానికి చాలదని 2014లో తేలింది. ఊరుకోలేదు. ఆ మందు రాస్ నించి వెళ్ళే కబురును మధ్యలో ఎలా అడ్డుకుంటుందో వివరిస్తూ 2016లో సెల్ పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. అసలది రాస్ మీద కాదు, కణం చీలేటప్పుడు సాయపడే సన్నటి గొట్టాల మీద పనిచేస్తుందని 2017లో యింకొక బృందం వాదించింది. మీరు వాడిన సరుకులో కల్తీ పదార్థం వుంది, అది చేసిన పని అది అని 2020లో రెడ్డి గారి వైపువాళ్ళు బదులు రాశారు. అదే ఏడు రెండో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. మందు పుచ్చుకున్నవాళ్ళూ, డాక్టర్లు యిచ్చే మామూలు చికిత్స పొందినవాళ్ళూ దాదాపు ఒకే కాలం బతికారు.

నున్నటి గోళీ మీద గుంట చివరికి ఒకరికి దొరికింది. కాలిఫోర్నియాలో కెవన్ షోకాట్ గారి బృందం 2013లో ఆ జాగాని చూపించింది. 2021 మే నెలలో సోటోరాసిబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. అది కె-రాస్ పన్నెండో చోట గ్లైసిన్‌కి బదులు సిస్టీన్ వచ్చిన ఊపిరితిత్తుల కాన్సరుకి. ఆ పన్నెండో చోటే! 1982లో ఎక్స్‌రే ఫిల్ము మీద వేలు ఆగిన చోటు. ఆ మందు కూడా సంజీవని కాదు. గడ్డ కొంతకాలం తగ్గి, చాలామందిలో కొన్ని నెలలకి మళ్ళీ తల ఎత్తుతుంది. అయినా ముప్ఫయి తొమ్మిదేళ్ళకి గోడకి బీట పడింది.

ఆ బీట రెడ్డి గారి చేతిమీదుగా పడలేదు గదా అని ఆ కుర్రవాడు నొచ్చుకున్నాడు. నాకు అలా అనిపించలేదు. తలుపు ఫలానా చోట వుందని చెప్పినవాడే తాళం కూడా తియ్యాలని ఎక్కడ వుంది? పైగా డెబ్బయ్యేళ్ళు దాటిన తరవాత కూడా తన మందు గురించి ఎదుటివాళ్ళతో అక్షరం అక్షరం వాదించే మనిషంటే నాకు ముచ్చట.

యీ కథ యిప్పుడు రాయటానికి కారణం పులివెందుల నించి వచ్చిన ఒక వుత్తరం. పేరు వెయ్యవద్దని ఆ సోదరి కోరారు. వెయ్యటం లేదు. ఆమె మామగారు రోజుకి రెండు కట్టలు బీడీలు కాల్చి, డెబ్బయ్యో ఏట గొంతు కాన్సరుతో పోయారు. యిప్పుడు భర్తకి యాభై ఆరో ఏట పెద్దపేగు కాన్సరు. ఆపరేషన్ అయింది. గడ్డని పరీక్షకి పంపితే "కె-రాస్ మ్యుటేషన్ పాజిటివ్" అని రిపోర్టు వచ్చింది. ఎవరో చుట్టం అది చదివి, "జన్యువుల్లోనే వుందంట వదినా" అన్నారట. అప్పటినించీ ఆమెకి నిద్ర లేదు. యిద్దరు పిల్లలు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఆ రిపోర్టు ఎవరి కంటా పడకుండా బీరువాలో చీరల కింద పెట్టారట.

అమ్మా, మీరు చీరల కింద దాచినది మీ ఆయన గడ్డ తాలూకు కాయితం. మీ పిల్లల జాతకం కాదు. పెద్దపేగు కాన్సర్లలో నూటికి సుమారు నలభయింటిలో కె-రాస్ అలా మారి వుంటుంది. డాక్టర్లు అది ఎందుకు చూస్తారంటే, ఆ అక్షరం మారిన గడ్డల మీద కొన్ని ఖరీదైన యింజెక్షన్లు పనిచెయ్యవు. అవి వాడి లాభం లేదని ముందే తెలుసుకోవటానికి. మీ మామగారి గొంతుకీ మీ ఆయన పేగుకీ ఒకే ముడి వెయ్యకండి. మొదటిదాని మీద బీడీల అనుమానమే ఎక్కువ.

పేగు కాన్సర్లలో కూడా కొద్దివి అసలు పత్రంలోని తప్పు వల్ల వస్తాయి. లించ్ అనే పేరుతో ఒక రకం వుంది. అది కాదని తేల్చుకోవటానికి అదే గడ్డముక్క మీద యింకొక పరీక్ష వుంటుంది. అది చేశారా అని అడగండి. అది సరిగ్గా వున్నా, తండ్రికి అరవై నిండకుండా పేగు కాన్సరు వచ్చింది గనక పిల్లలిద్దరూ నలభయ్యో ఏట నించీ పేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష చేయించుకుంటూ వుండటం మంచిది. చిన్న పులిపిరిగా వున్నప్పుడే తీసిపారేస్తే అది కాన్సరు దాకా పోదు.

సంబంధం వాళ్ళకి చెప్పాలా అని అడిగారు. చెప్పండి. "మా యింట్లో కాన్సరు వుంది" అని మాత్రం చెప్పకండి. ఆ మాటకి అర్థం లేదు. ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో, ఏ పరీక్ష ఏం చెప్పింది, అలా చెప్పండి. విన్నవాళ్ళు లేచిపోతే పోనివ్వండి. వాళ్ళ మంచాల మీద జేజిలు లేరనుకోండి.

పెద్దబ్బాయి గురించి మీరు చివర ఒక్క వాక్యం రాశారు, తాతగారి పోలికంతా వచ్చింది, సిగరెట్టుతో సహా అని. రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాణ్ణి కూడా వెంట తీసుకెళ్ళండి. బస్సెక్కే ముందు ఆ పెట్టె వాడి జేబులోంచి తీసి మీ చేతిసంచీలో వేసుకోండి.